వన్నూరక్క బొమ్మకు ఆమోదిత దీపం

వెలుగు గురించి నా దగ్గర మాట్లాడేవాళ్ళు కొంచెం ఆచితూచి మాట్లాడాలి. నేను నలభై ఏళ్ళు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చినవాణ్ణి. పెళ్ళికైనా, జాతరకైనా, తోలుబొమ్మలాటకైనా చుట్టుపక్కల పద్ధెనిమిది ఊళ్ళలో జనం పోగయ్యారంటే నడుమ నా లైటు ఉండాల్సిందే. ఆ నలభై ఏళ్ళలో నా చేత్తో వెలిగించిన లైటు ఒక్కటంటే ఒక్కటి మధ్యలో ఆరిపోలేదు. గాలివానలో ఆరలేదు. ఒకసారి బావిలో పడినా ఆరలేదు. ఆ వెలుగుకు అడుగునున్న చేపలు రెండు రోజులు కన్ను మూయలేదని చెప్పుకున్నారు. అందుకే మా ఎర్రవంకలో నన్ను లైట్ల ఓబులేసు అంటారు. చదువు ఐదో తరగతి. మా ఊరి బడి అక్కడితో ఆగింది గనక నేనూ ఆగాను. బడి ఇంకా పైకి ఉండి ఉంటే నేనెక్కడ తేలేవాణ్ణో నాకే తెలియదు.

నా గొప్ప ఇంతగా చెప్పడానికి కారణముంది. ఒక ఇంట్లో ఒక బొమ్మకు ఒక లైటు పెట్టడం అనే పనిలో నేను ప్రభుత్వంతో ఇరవై ఒక్క రోజులు తలపడ్డాను. ఆ కథ ఇది.

బొమ్మ మా వన్నూరక్కది. వన్నూరక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద, మాటలో ఇరవై ఏళ్ళు పెద్ద. ఆమె మొగుడు ఖండేరావు తోలుబొమ్మలాట ఆడించేవాడు. మేకతోలును గీకి గీకి, వెనక దీపం పెడితే వెలుగు ఇవతలికి వచ్చేంత పల్చగా చేసి, చిల్లులు కొట్టి, రంగులు వేసేవాడు. పెళ్ళయిన ఏడాదే ఆయన మూడడుగుల నాట్యకత్తె బొమ్మ ఒకటి చేశాడు. ఆ బొమ్మ ముక్కు వన్నూరక్క ముక్కు. గడ్డం కింద మచ్చ వన్నూరక్క మచ్చ. "నా మొగం పద్ధెనిమిది ఊర్లోళ్ళు చూసేదేంది?" అని ఆమె అడ్డం పడితే, బొమ్మ ఆటకు పోకుండా ఇంట్లోనే ఉండిపోయింది. ఖండేరావు పోయి పన్నెండేళ్ళు. బొమ్మ మాత్రం తూర్పు కిటికీ ఊచలకు దారంతో కట్టి ఉంటుంది.

తోలుబొమ్మకు ఒక గుణముంది. దీపం దాని వెనక ఉండాలి. ముందునుంచి వెలుగు వేశారో, అది ఎండబెట్టిన తోలుముక్క. వెనకనుంచి వేశారో, మనిషి. రోజూ పొద్దున ఎండ ఆ కిటికీలోంచి దూరగానే నాట్యకత్తె లేచి నిలబడుతుంది. గది నేలంతా ఎరుపు, పచ్చ మరకలు పడతాయి. వన్నూరక్క ఆ మరకల్లో కూర్చుని కాఫీ తాగుతుంది. తొమ్మిదికల్లా ఎండ ఇంటి మీదికెక్కి ఆట ముగుస్తుంది. ఇక సాయంత్రం దాకా అదొక నల్లటి తోలు.

"ఆయప్ప గూడా అంతేలేరా ఓబులేసూ. పొద్దున పూట బాగుండేటోడు" అంటుంది వన్నూరక్క మొగుణ్ణి తలుచుకుని.

ఇట్లా ఉండగా ఎవరో ఒక పెద్దాయన దేశాలు తిరిగి వచ్చాడు. ఏ దేశంలోనో ఎవరింట్లోనో గోడమీది పటానికి పైనుంచి చిన్న లైటు పెట్టి ఉండటం చూసి ఆయన మనసు ద్రవించిపోయింది. మన ఇళ్ళలో కళ చీకట్లో మగ్గుతోందని విమానంలోనే కన్నీరు పెట్టుకున్నాడట. విమానం దిగేసరికి నియమావళి తయారు. దాన్ని అమలు చేయడానికి గృహకళా దీప్తి మండలి ఏర్పడింది. ఇంట్లో ప్రతి కళాఖండానికీ దానికంటూ ఒక దీపం ఉండాలి. ఆ దీపం పైన, ముందు, ముప్పై డిగ్రీల వాలులో ఉండాలి. కళాఖండం మీద పడే వెలుగు చుట్టుపక్కల వెలుగుకు మూడు రెట్లుండాలి. దీపం మండలి వారి ఆమోదిత జాబితాలోనిదై ఉండాలి. ఇరవై ఒక్క రోజుల్లో పెట్టనివారి కళాఖండాన్ని జిల్లా దీప్తి సంరక్షణ కేంద్రానికి తరలిస్తారు.

మరి కళాఖండమంటే ఏమిటి? దానికీ నిర్వచనం రాశారు. "చేతితో చేయబడి, నిలువు తలమునకు అంటియుండి, చూపరిని ఒక క్షణము నిలువరించునది."

మా మండలానికి వచ్చిన దీప్తి పర్యవేక్షణాధికారి పేరు దక్షిణామూర్తి. సన్నటి మనిషి, చేతిలో సబ్బుబిళ్ళంత యంత్రం. అది వెలుగును కొలుస్తుంది. ఆయన ఊళ్ళో అడుగుపెట్టి మొదట నిలబడిన చోటు గంగులప్ప పిడకల గోడ. పాపం, అంత పెద్ద గోడ నిండా వరసగా కొట్టిన పిడకలు, ఒక్కోదానిమీద ఐదేసి వేళ్ళ ముద్రలు, ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. నిలబడిపోయాడు.

"చేతితో చేయబడినవి. నిలువు తలము. నన్ను నిలువరించినవి," అని రాసుకున్నాడు. "నూట పన్నెండు కళాఖండములు. నూట పన్నెండు దీపములు."

గంగులప్ప తలగుడ్డ తీసి నిలబడ్డాడు. "సామీ, వాటికి లైటెందుకు? అగ్గిపుల్ల గీస్తే లైటు వాటిలోనే ఉండాది."

"స్వయందీప్త కళాఖండముల విషయమై ప్రత్యేక ఉత్తర్వులు వెలువడవలసి యున్నవి," అన్నాడు అధికారి. "అందాక యథాతథ స్థితిని కాపాడవలెను."

గంగులప్ప భార్య ఆ సాయంత్రమే కళను పొయ్యిలో పెట్టి సంగటి వండింది. కళాఖండ దహనం కింద ఆ ఇంటికి వచ్చిన తాఖీదు ఇప్పటికీ వాళ్ళ దూలానికి వేలాడుతూనే ఉంది. చేత్తో రాసిన తాఖీదు గనక దానికీ లైటు పెట్టమని రెండో తాఖీదు వచ్చింది.

అక్కణ్ణుంచి దక్షిణామూర్తి వన్నూరక్క ఇంటికొచ్చాడు. నేను అప్పుడు ఆమె అరుగుమీద వక్క కొరుకుతూ కూర్చున్నాను. నడిమధ్యాహ్నం. కిటికీకి వేలాడుతున్న తోలును ఆయన యంత్రంతో పొడిచి చూశాడు.

"సదరు కళాఖండము నిర్దీప్త స్థితిలో నున్నది."

"ఏమంటాండాడురా?" అని వన్నూరక్క నన్నడిగింది.

"బొమ్మ కనపడలేదంట అక్కా."

"మధ్యాన్నం వస్తే యాడ కనపడ్తుంది? తెల్లారి రమ్మను."

"కార్యాలయ వేళలు పది గంటలకు ప్రారంభమగును. దీపమేది?"

వన్నూరక్క కిటికీలోంచి ఆకాశంలోకి వేలు చూపింది. దక్షిణామూర్తి కళ్ళజోడు సవరించుకుని, పైకి చూసి, సంచిలోంచి లావుపాటి పుస్తకం తీసి, చాలాసేపు వెతికాడు.

"ఆమోదిత దీపముల జాబితాలో నూట నలభై రకములు కలవు. అందులో సూర్యుడు లేడు."

"ఎందుకు లేడు సామీ?" అన్నాను నేను.

"దరఖాస్తు చేసుకొనలేదు." పుస్తకం మూశాడు. "పైగా తయారీదారు ధ్రువపత్రము లేదు. ఆర్పుటకు మీట లేదు. గంట గంటకూ కోణము మారుచున్నది. సాయంత్రము ఆరు తరువాత ఎట్టి ముందస్తు సమాచారమూ లేకుండ సేవలు నిలిపివేయుచున్నది. అన్నిటికన్న ముఖ్యముగా అది కళాఖండము వెనుక నున్నది. నియమావళిలో వెనుక అను గడి లేదు."

"తోలుబొమ్మకు దీపం ఎనకే ఉండల్ల సామీ," అంది వన్నూరక్క. "మీరు ముందర దీపం పెడితే అది చెప్పులు కుట్టే తోలు."

"అమ్మా, కళాఖండము ఎట్లు కనబడుననునది మా పరిధిలోనిది కాదు. దాని మీద వెలుగెంత యనునదే మా పరిధి."

ఇరవై ఒక్క రోజుల గడువు కాగితం ఆమె చేతిలో పెట్టాడు. బొమ్మను తీసి పెట్టెలో దాచేస్తే పీడ పోతుంది కదా అని నేను అడిగి చూశాను. దాచబడిన కళాఖండానికి పెట్టె లోపల దీపం పెట్టాలట, పెట్టె మూసినా వెలుగుతున్నట్టు నెలనెలా హామీపత్రం ఇవ్వాలట.

ఆయన పోయాక వన్నూరక్క అడిగింది. "ఆ సంరక్షణ కేంద్రం ఎట్లుంటుందిరా?"

నేను చూశాను గనక చెప్పక తప్పలేదు. మార్కెట్టు వెనక ఎరువుల గోడౌను అది. జిల్లాలో వెలుగులేని కళలన్నీ తెచ్చి అందులో పడేశారు. లోపల బల్బులు ఇంకా పెట్టలేదు, టెండరు నడుస్తోంది. తలుపు తెరిస్తే ముందు ఎలుకలు పలకరిస్తాయి. అవి పటాల జోలికి పెద్దగా పోవు. తోలైతే మాత్రం వాటికి విందు.

ఆమె కాఫీ గ్లాసు కడిగిందే కడిగింది. చివరికి, "ఆయప్ప పోయే రోజు ఒకటే అడిగినాడు. దాన్ని పెట్టెలో పెట్టొద్దే, కిటికీకాడే ఉండనీ అన్నాడు," అంది. "ఎలకలకు పెట్టమని చెప్పలేదు."

"వెలుగు సంగతి నాకొదిలెయ్ అక్కా. నా చేతి లైటు..."

"నీ చేతి లైటా?" అంది వన్నూరక్క. నవ్వింది గూడా. "కొత్తపల్లి ఆటలో మర్చిపోయినావా? యుద్ధం నడిమధ్యలో నీ లైటు ఆరిపాయె. చీకట్లో ఎవురు రాజో ఎవురు భటుడో తెలీక ఆయప్ప రాజుతోనే రాజును నరికిచ్చె. జనం రాళ్ళేసిరి. నువ్వేమో బావిలో పడితివి."

మొదట్లో నేను కొంచెం పైకెత్తి చెప్పినమాట నిజమే. నా లైటు ఆరింది. ఒక్క కొత్తపల్లిలోనే కాదు. ఒక పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకు ఆరితే, నేను పంపు కొట్టి మళ్ళీ వెలిగించేసరికి పెళ్ళికొడుకు పురోహితుడి మెడకు రెండు ముళ్ళు వేసేశాడు. మూడోది పడకముందే వెలిగించిన ఘనత మాత్రం నాదే. బావి విషయానికొస్తే, అందులో పడింది లైటు కాదు, నేను. చేపలు నిద్రపోయాయో లేదో చూసే తీరిక నాకు లేదు.

సరే. మర్నాడు ఆమోదిత జాబితాలో పదిహేడో రకం దీపం తెచ్చి, దూలానికి బిగించి, ముప్పై డిగ్రీల వాలు బడిపిల్లల కోణమానితో కొలిచి పెట్టాను. వేయగానే నాట్యకత్తె ముఖం మాయమైంది. ముడతలు, మేక వెంట్రుకల గుంతలు, ఎప్పుడో పూసిన అంబలి మరక, అన్నీ స్పష్టంగా కనిపించాయి. పది నిమిషాలకు ఆ వేడికి బొమ్మ చేతివేళ్ళు లోపలికి ముడుచుకోసాగాయి. ఇంకో పది నిమిషాలుంటే నాట్యకత్తె కాదు, పకోడీ. వన్నూరక్క పరుగున వచ్చి తడిగుడ్డ వేసి వేళ్ళు సాగదీసింది.

"ఆర్పురా నాయనా! బతికుండంగానే నన్ను కాల్చేది మీ సర్కారేనా?"

దక్షిణామూర్తి వచ్చి కొలిచాడు. గదిలో ముప్పై, బొమ్మమీద తొంభై. మూడు రెట్లు సరిపోయింది. నేను మీసం మీద చెయ్యి వేశాను. అంతలో యంత్రం కిటికీవైపు తిరిగి గిలగిల కొట్టుకుంది.

"కళాఖండము వెనుకనుండి అనధికారిక వెలుగు వచ్చి నిష్పత్తిని చెరుపుచున్నది. తక్షణమే కిటికీ మూయవలెను." అక్కడికక్కడే ఉత్తర్వు రాసి ఇచ్చాడు. వన్నూరక్క పళ్ళు కొరికి, ఊచల మధ్య చెయ్యి పెట్టి, బయటి రెక్కలు రెండూ లాగి గడియ వేసింది.

"ఇంకొక లోపము. దీపము నగ్నముగా నున్నది. చూపరి కన్నును పొడుచుచున్నది. దానికి తొడుగు కావలెను."

తొడుగుకు వన్నూరక్క ఇంట్లో ఉన్నది మేకతోలే. రెండు రోజుల్లో గుండ్రంగా కుట్టి దీపానికి తొడిగింది. ఉత్త తోలు పెట్టి ఊరుకుంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. కానీ మొగుడి పక్కన కూర్చుని ముప్పై ఏళ్ళు బొమ్మలు చేసిన చేతులు. తోలు కనబడితే వాటికి దురద. చుట్టూ ఒక తీగ, తీగమీద నాలుగు చిలకలు.

అధికారి వచ్చాడు. తొడుగు చూశాడు. నిలబడ్డాడు. నేను గుండె పట్టుకున్నాను.

"చేతితో చేయబడినది. నన్ను నిలువరించినది. ఇది కళాఖండము. దీనికొక దీపము కావలెను."

"సామీ, అదే దీపం!"

"కళాఖండము తనకు తానే దీపమగుట కుదరదు. రెండవ దీపము పెట్టుడు. మొదటి దీపము మీద దాని పరిసరములకు మూడు రెట్లు, అనగా రెండు వందల డెబ్బై."

పెళ్ళి వీడియోవాడి లైటు అడిగి తెచ్చి పెట్టాను. దానికీ తొడుగు. "అక్కా, నీ కాళ్ళు మొక్కుతా. ఈసారి ఏమీ గీయొద్దు," అని మొత్తుకున్నాను. ఆమె తలూపింది. తొడుగు తెచ్చింది. అంచు చుట్టూ సన్నటి చిల్లులు, మల్లెమొగ్గల వరస.

"ఇదేందక్కా!"

"గాలి ఆడేదానికిరా! లోపల బల్బు ఉడికిపోదూ?"

అధికారి నిలబడ్డాడు. మూడో దీపం, ఎనిమిది వందల పది. గంగులప్ప ట్రాక్టరు హెడ్‌లైటు ఊడదీసి తెచ్చాను. ఆ తొడుగు మీద ఆమె ఒక్క చుక్క పెట్టింది. "ఒక్క చుక్కేగదా!" అంది. నిజమే, ఒక్కటే. కానీ సరైన చోట పెట్టింది, తోలంతా ఒక కన్నులాగా చూసింది. అధికారి ఉలిక్కిపడి నిలబడ్డాడు. నాలుగో దీపం, రెండు వేల నాలుగు వందల ముప్పై. కబడ్డీ పోటీలవాళ్ళ ఫ్లడ్‌లైటు. ఈసారి చుక్క లేదుగానీ అంచు కొంచెం వంకర కత్తిరించింది. ఆ వంకర చూస్తే గాలికి పైట ఎగిరినట్టే ఉంది. చేతులు ఏం చేస్తాయి పాపం. ఐదో దీపం, ఏడు వేల రెండు వందల తొంభై. దానికి నేను పక్కూరి కూడలిలో స్తంభం మీది దీపాన్నే దింపించాను.

ఐదు దీపాలూ ఒకదాని వీపు ఒకటి చూసుకుంటూ దూలం పొడుగునా వేలాడుతున్నాయి. వాటన్నిటికీ ఈ చివరన, మూసిన కిటికీకి ఆనుకుని, అసలు బొమ్మ. వేళ్ళు ముడుచుకుని, తడిగుడ్డ కప్పుకుని, జ్వరమొచ్చిన మనిషిలాగా.

ఐదో తొడుగును మాత్రం నేనే దగ్గరుండి కుట్టించాను. గీత లేదు, చిల్లు లేదు, వంకర లేదు. అంతటి అనాకారి తోలు ముక్కను ఎర్రవంకలో ఎవరూ చేసి ఎరగరు.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. ఐదు దీపాలకు మామూలు కరెంటు చాలదు, త్రీ ఫేజు కావాలి. అది మా ఊరికి పొద్దున ఆరునుంచి తొమ్మిది దాకానే ఇస్తారు. అందుకని దక్షిణామూర్తి పైవాళ్ళ దగ్గర "వేకువ తనిఖీ" అనుమతి రాయించుకుని ఏడున్నరకల్లా దిగాడు. వెంట ఒక జీపు కూడా వచ్చింది. అందులో బొమ్మల్ని చుట్టడానికి గోనెపట్ట. వీధి వెలుగు లోపలికి రాకుండా తలుపు మూయించి, బ్యాటరీ లైటు వేసుకుని, ఐదో తొడుగు దగ్గరకు పోయాడు.

చూశాడు. ఏమీ లేదు. అటునుంచి చూశాడు. ఏమీ లేదు. కళ్ళజోడు తుడుచుకుని కింద కూర్చుని చూశాడు. ఎక్కడో ఒకచోట గీత ఉండకపోదని దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏమీ లేదుగదా సామీ?" అన్నాను నేను నిబ్బరంగా.

"ఏమియు లేదు. అయిననూ," అని ఆగి ఆయన గడియారం చూసుకున్నాడు, "నేను దీనియెదుట నాలుగు నిమిషములు నిలిచితిని. నిర్వచనము ప్రకారము ఒక క్షణము చాలును. ఇది ఇప్పటివరకు ఈ గృహములో అత్యున్నత కళాఖండము. ఆరవ దీపము కావలెను."

"తెస్తాం సామీ, రేపు..."

"గడువు నేటితో ముగిసినది." జేబులోంచి తరలింపు ఉత్తర్వు తీశాడు. "మూల కళాఖండమును దింపుడు."

వన్నూరక్క తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది.  "సామీ," అంది. "తీస్కపోయే ముందు ఒక్కసారి అన్ని లైట్లూ ఏసి సూపిచ్చండి. ఇన్ని దినాలు కుట్టినా గదా."

అది న్యాయంగానే తోచింది ఆయనకు. నేను మీట వేశాను.

అయ్యా, ఆ వెలుగు నేను చెప్పలేను. ఐదు దీపాలూ ఒక్కసారి లేచాయి. తలుపు సందుల్లోంచి వెలుగు వీధిలోకి పొడుచుకొచ్చి, కొత్తగా తెల్లవారిందనుకుని ఊళ్ళో కోళ్ళు రెండోసారి కూశాయి. దక్షిణామూర్తి నెత్తిమీద వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, పదిహేడే. మూడు క్షణాలు గడిచాయో లేదో, ఊరి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. ఊళ్ళో పిండిమర ఆగింది, మోటార్లు ఆగాయి, గదిలో కటిక చీకటి.

అంత వెలుగు తర్వాత చీకటి మామూలు చీకటి కాదు. దక్షిణామూర్తి బ్యాటరీ లైటు ఎక్కడో జారిపోయింది.

"అమ్మో! ఏం కనపడల్యా! యాడుందిమ్మా తలుపు? నాయనా, ఎవురన్నా ఆ కిటికీ తెరవండప్పా!"

అంతవరకూ ఆయనది ఏ ఊరో, అసలు మనిషి పుట్టిన ఊరేనా అని మాకు అనుమానం. చీకట్లో తెలిసింది. మా పక్కోడే.

"కిటికీ మూయమని మీ ఆర్డరే గదా సామీ," అంది వన్నూరక్క చీకట్లోంచి. "తెరవాలంటే ఇంగో ఆర్డరు గావాల."

"ఇదే ఆర్డరమ్మా! నోటిమాటే ఆర్డరు! తెరువు తల్లీ, నీకు పుణ్యముంటాది!"

బొమ్మ మీది తడిగుడ్డ లాగేసి, ఊచల సందున చేయి పోనిచ్చి ఆమె రెక్కలు రెండూ బయటికి తోసింది.

నేను ఆ బొమ్మను వందసార్లు చూసినవాణ్ణే. అయినా ఆ పూట కొత్త. ఇరవై రోజులు ముడుచుకున్న మనిషి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచినట్టు నాట్యకత్తె లేచింది. పైట ఎర్రగా, రవిక పచ్చగా, గడ్డం కింద మచ్చతో సహా. ఒక చెయ్యి వేళ్ళు ఇంకా కొంచెం ముడుచుకునే ఉన్నాయి. అది కూడా ఏదో ముద్ర పట్టినట్టే ఉంది. రంగులు నేలమీదికి, ఐదు తొడుగుల మీదికి, దక్షిణామూర్తి తెల్లచొక్కా మీదికి పాకాయి.

ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. బొమ్మవైపు చూశాడు. వన్నూరక్క ముక్కువైపు చూశాడు. మళ్ళీ బొమ్మవైపు చూశాడు. ఈసారి గడియారం చూసుకోలేదు.

తర్వాత మనిషి తేరుకున్నాడు, అధికారి మేల్కొన్నాడు. యంత్రం తీసి కొలిచాడు. మిగతా గది చీకటి, బొమ్మ ఒక్కటే వెలుగు.

"పదకొండు రెట్లు," అన్నాడు నమ్మలేనట్టు. కోణమాని పెట్టి చూశాడు. అప్పటికి ఎనిమిది గంటలు. "ముప్పై డిగ్రీలు. పైనుండి. కంటిని పొడుచుట లేదు." కాస్త ఆలోచించి, గొంతు సవరించుకుని రాసుకున్నాడు. "కళాఖండము ముఖము వీధివైపు నున్నట్లు భావించడమైనది. కావున దీపము ముందుననే యున్నది."

తరలింపు ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఆమోదపత్రం తీశాడు. గడులు నింపుతూ పోయాడు. దీపము: ఒకటి. తొడుగు: అవసరము లేదు. దీపము యజమాని అనే గడి దగ్గర కలం ఆగింది.

"ఈ ఇంట లైట్లన్నియు ఎవరివి?"

"అన్నీ వీడే తెచ్చినాడు సామీ," అని వన్నూరక్క నన్ను చూపింది.

ఆయనది అలవాటైన చెయ్యి, నా పేరు రాసేసింది. నేను సంతకం పెట్టేశాను. ముద్ర పడింది. నాకిచ్చిన నకలు ఇంటికి తీసుకుపోయి కళ్ళజోడు పెట్టుకుని చదివితే అప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి ప్రభుత్వ లెక్కల్లో సూర్యుడు నాది.

ఆనాటినుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆషాఢంలో నాలుగు రోజులు ముసురు పట్టగానే తాఖీదు: "తమ దీపము నాలుగు దినములుగా సక్రమముగా పనిచేయుట లేదు. కారణము తెలుపుడు." తుడిపిస్తున్నానని జవాబు రాశాను. గ్రహణం నాడు ఇంకొకటి: "పూర్వానుమతి లేకుండ దీపమును పాక్షికముగా ఆర్పినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదు?" పొరపాటున చెయ్యి అడ్డం పడిందని రాశాను, క్షమించారు. గంగులప్ప అయితే పొద్దున లేస్తే నా గడప దగ్గరే. "ఓబులేసన్నా, పిడకలు ఎండల్యా. నీ లైటు కొంచెం మా గోడ తట్టు తిప్పు." ఎండాకాలంలో ఊరంతా నన్ను తిట్టుకుంటూ పోతుంది. వెలుగు ఇచ్చినవాడికి ఎప్పుడూ ఇంతే.

వన్నూరక్క మాత్రం పొద్దున్నే రంగుల్లో కూర్చుని కాఫీ తాగుతోంది. ఆమోదపత్రాన్ని గోడకు తగిలించలేదు, తెలివిగలది. చింతపండు డబ్బా అడుగున పరిచింది.

ఇక దాచడమెందుకు. ఇందులో ఒక్కటి నేను కల్పించింది. సూర్యుడి సంగతేనని మీరనుకుంటారు. కాదు, ఆ కాగితం నకలు నా పెట్టెలో ఉంది, వస్తే చూపిస్తాను. నేను కల్పించింది ట్రాన్స్‌ఫార్మరు. అది పేలలేదు. దానికేమీ కాలేదు, పిండిమర నిక్షేపంగా ఆడుతూనే ఉంది. ఢామ్మనే చప్పుడేదీ రాలేదు. తలుపు పక్కన మెయిను స్విచ్చు దగ్గర టక్కుమని ఒక చిన్న చప్పుడు అయింది, అంతే. వెలుగొచ్చాక చూస్తే వన్నూరక్క పిడికిలి చీరచెంగు కింద ఉంది. వేళ్ళ సందున తెల్లటి పింగాణీ ఫ్యూజు.

ఇది రాయవచ్చునా అక్కా అని ఆమెనే అడిగాను.

"రాసుకో. ఆయప్పకాడ నేర్చుకున్నదని గూడా రాయి," అంది. "ఏ బొమ్మ ఆడాలన్నా, ముందు జనం మింద లైటు ఆర్పల్ల గదరా."